కుక్క వింటే పిల్లలకి చదువు వస్తుందా?

అమెరికాలో పిల్లలు లైబ్రరీల్లో కుక్కల పక్కన కూర్చుని కథలు చదవడం గురించి పోయిన నెల ఒక ఉత్తరానికి జవాబిస్తూ రెండు ముక్కలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని మీదే. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక మాట: మాది తెనాలి. ఒహాయోలో ఒక ప్రాథమిక పాఠశాలలో రీడింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా నల్ల లాబ్రడార్ మల్లిని తీసుకుని లైబ్రరీకి, దగ్గర్లోని స్కూలుకి వాలంటీరుగా వెళ్తుంటాను.

ప్రశ్న: అక్కా, మా బాబు సెకండ్ గ్రేడ్. మనసులో చదువుకోమంటే ఏదో చదువుకుంటాడు గానీ, పైకి చదవమంటే గొంతు పెగలదు. రోజూ రాత్రి వాళ్ల నాన్న పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు. ప్రతి తప్పూ దిద్దుతారు. రెండు పేజీలయ్యేసరికి వాడికి ఏడుపు, ఈయనకి కోపం. మా ఊరి లైబ్రరీలో శనివారాలు కుక్కకి కథ చదివే కార్యక్రమం ఉందని బోర్డు చూశాను. మావారేమో "కుక్క చదువు చెబుతుందా? ఆ గంట ట్యూషన్‌కి పంపితే నయం" అంటున్నారు. నాకేమో కుక్కలంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: చెల్లీ, ముందు మీవారి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఆయన అడిగింది సరైన ప్రశ్న. కుక్క చదువు చెప్పదు. అక్షరాల శబ్దాలు కలిపి పదం పలకడం, దాని అర్థం పట్టుకోవడం మనిషే నేర్పాలి. కుక్క దగ్గర జరిగేది ఇంకొకటి. తప్పు చదివినా ఎవరూ ఆపరు కాబట్టి పిల్లవాడు గొంతు విప్పుతాడు. మీ బాబుకి ప్రస్తుతం కావలసింది అదేనని మీ ఉత్తరం చదివితే నాకనిపిస్తోంది.

ఈ పద్ధతి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో 1999లో మొదలైంది. అక్కడ ఇంటర్‌మౌంటెన్ థెరపీ యానిమల్స్ అనే సంస్థ వాళ్లు అప్పటికే కుక్కల్ని ఆసుపత్రుల్లో రోగుల దగ్గరికి తీసుకెళ్తుండేవారు. ఆ సంస్థలో పనిచేసే శాండీ మార్టిన్ అనే నర్సుకి, మంచం మీద ఉన్న మనిషికి ధైర్యమిచ్చే కుక్క, పుస్తకం చూస్తే బెదిరే పిల్లలకి ఎందుకివ్వదు అనే ఆలోచన వచ్చింది. ఊరి పబ్లిక్ లైబ్రరీలో మొదలుపెట్టి, తర్వాత స్కూళ్లకి వెళ్లారు. దానికి వాళ్లు పెట్టిన పేరు రీడింగ్ ఎడ్యుకేషన్ అసిస్టెన్స్ డాగ్స్, పొట్టిగా 'రీడ్'. ఇప్పుడు ఇలాంటివి చాలా ఉన్నాయి. ఇంగ్లండులో పెట్స్ యాజ్ థెరపీ అనే సంస్థ కూడా స్కూళ్లలో ఇదే పని చేస్తోంది.

అక్కడ ఏం జరుగుతుందో చెబితే మీ టెన్షన్ కొంత తగ్గవచ్చు. నేల మీద ఒక దుప్పటి పరుస్తాను. మల్లి దాని మీద పడుకుంటుంది. పట్టీ నా చేతిలోనే ఉంటుంది, ఒక్క నిమిషం కూడా వదలను. ఒక్కో పిల్లవాడికి పదిహేను ఇరవై నిమిషాలు. పుస్తకం వాడే ఎంచుకుంటాడు. ముందూ వెనకా చేతులకి శానిటైజర్ రాస్తాం. కుక్కంటే భయపడే పిల్లలు మొదటిసారి నా వైపు కూర్చుంటారు, మల్లికీ వాళ్లకీ మధ్య నేనుంటాను. ముట్టుకోమని ఎవరినీ అడగం. మీరు వెళ్లినప్పుడు వాలంటీరుతో "నాకు కుక్కలంటే భయం" అని ముందే చెప్పేయండి. వాళ్లకి అది కొత్త కాదు.

నా పని ఏమిటంటే, ఎక్కువగా ఊరుకోవడం. ఒక పిల్లవాడు 'ఇనఫ్' అనే మాట దగ్గరికొచ్చి, అందులో ఉన్న అక్షరాలన్నీ పలికి 'ఎనౌగ్' అన్నాడు. ఇంగ్లీషు స్పెల్లింగు అలాంటిది మరి, వాడి తప్పేం లేదు. నేను మాట్లాడలేదు, మల్లి చెవి కూడా కదపలేదు. వాడు కింది వాక్యంలోకి వెళ్లాడు. అక్కడ అర్థం కుదరలేదు. ఆగి, వేలు మళ్లీ పైకి తెచ్చి, "ఓ, ఇనఫ్!" అని తనే దిద్దుకున్నాడు. రీడింగ్ టీచర్లు ఎదురుచూసేది సరిగ్గా దీని కోసమే. తప్పు తనే పట్టుకున్న పిల్లవాడు చదువుతున్నది అర్థం చేసుకుంటున్నాడన్నమాట. పక్కనుంచి ఎవరైనా ముందే అందించి ఉంటే వాడికి వెనక్కి చూసే అవసరమే రాదు.

మరీ కష్టమైన చోట వాలంటీర్లు ఒక ఉపాయం వాడతారు. "ఈ మాట మల్లి ఎప్పుడూ విన్నట్టు లేదు, దాని అర్థమేమిటో కాస్త చెబుతావా?" అంటాం. తెలియనిది కుక్కకి. తెలిసినవాడి స్థానం పిల్లవాడిది. అంతవరకూ తలదించుకున్న పిల్లలు అప్పుడు కుక్క వైపు తిరిగి, ఎంత ఓపిగ్గా వివరిస్తారో మీరు చూడాలి.

ఇక ఇది పనిచేస్తుందనడానికి ఆధారమేమిటని మీవారు అడుగుతారు. 1983లో ఎరికా ఫ్రీడ్‌మన్, ఆరన్ కాచర్, ఇంకొందరు కలిసి పిల్లల రక్తపోటు కొలిచారు. ఊరికే కూర్చున్నప్పుడైనా, పైకి చదువుతున్నప్పుడైనా గదిలో కుక్క ఉంటే బీపీ తక్కువగా ఉంది. కెనడాలో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియా పరిశోధకురాలు కమీల్ రూసో 2019లో ప్రచురించిన అధ్యయనంలో 17 మంది పిల్లలకి వాళ్ల స్థాయికి కాస్త మించిన కథలే ఇచ్చారు. మొదటి పేజీ అయ్యాక "ఇంకా చదువుతావా, చాలా?" అని అడిగారు. కుక్క పక్కనున్నప్పుడు పిల్లలు ఎక్కువసేపు చదివారు, కష్టమైన చోట వదిలేయలేదు. టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు 28 మంది సెకండ్ గ్రేడ్ పిల్లలతో ఆరు వారాలు, వారానికి అరగంట చొప్పున చేసి చూశారు. కుక్కకి చదివిన పిల్లల్లో స్కూలు పుస్తకాలు చదవడం మీద ఇష్టం పెరిగింది. చదివే నైపుణ్యంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2016లో ముగ్గురు పరిశోధకులు అంతకుముందు వచ్చిన 48 అధ్యయనాలు వడగట్టి చూసి, ఫలితాలు ఆశ కలిగించేవిగానే ఉన్నా చాలా అధ్యయనాలు గట్టివి కావని తేల్చారు. కాబట్టి ఆరు వారాల్లో మార్కులు పెరుగుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. పుస్తకం తీయడానికి ఏడ్చే పిల్లవాడు ఏడవకుండా తీస్తే, నా లెక్కలో అది చాలా పెద్ద మార్పు.

తీసుకెళ్లండి. కానీ దుప్పటి పక్కన మీరు కూర్చోవద్దు, రెండు బీరువాల అవతల ఉండండి. తిరిగి వచ్చేటప్పుడు కారులో "ఎన్ని తప్పులొచ్చాయి?" అని అడగొద్దు. "కథలో ఏమైంది?" అని అడిగితే చాలు. ఇంట్లో రాత్రి చదివించడం మానొద్దని మీవారితో చెప్పండి, ఆయన అంత శ్రద్ధ పెట్టడం మంచిదే. దిద్దడం మాత్రం వేరే వేళకి మార్చుకోమనండి. పది నిమిషాలు ఊరికే వినాలి. బాబు ఆగితే మనసులో అయిదు లెక్కపెట్టాలి. అప్పటికీ రాకపోతే ఆ మాట మెల్లగా అందించి ముందుకి పోనివ్వాలి.

ఇంకొకటి, ఇది ముఖ్యం. కుక్క దగ్గర ధైర్యం వచ్చాక కూడా అక్షరాలు కలపడంలోనే కష్టపడుతుంటే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో చూడాలి. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్‌లో ఒకసారి, ఫస్ట్ గ్రేడ్‌లో ఒకసారి దీనికి స్క్రీనింగ్, అంటే తొలి పరీక్ష, చేయాలని చట్టమే ఉంది. మీ బాబు ఫలితాలు ఏమొచ్చాయో స్కూలుని అడగండి. అనుమానముంటే పూర్తి పరీక్ష చేయమని రాతపూర్వకంగా కోరే హక్కు మీకుంది. నోటిమాటగా అడిగి ఊరుకోవద్దు. తేదీ వేసి, ఈమెయిల్ అయినా సరే, పంపండి. డిస్లెక్సియా ఉన్న పిల్లలకి దానికి తగిన పద్ధతిలో, శిక్షణ ఉన్న టీచరు నేర్పాలి. ఎంత మంచి కుక్కయినా ఆ లోటు తీర్చలేదు.

ప్రశ్న: అమ్మా, నేను గుంటూరు జిల్లాలో తెలుగు ఉపాధ్యాయుడిగా చేసి విరమించాను. ఆరు నెలలుండి పోదామని మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. మనవరాలికి తొమ్మిదేళ్లు, ఇక్కడ తెలుగు నేర్పే మనబడికి వెళ్తోంది. నా దగ్గర తెలుగు చదవమంటే తప్పించుకుని తిరుగుతుంది. వాళ్లింట్లో కుక్క ఉంది. మా అమ్మాయి "నాన్నా, దాన్ని కుక్కకి చదవనివ్వండి" అంటోంది. పుస్తకమంటే సరస్వతి కదా, కుక్క ముందు పెట్టి చదవడమేమిటని నాకు మనసొప్పడం లేదు.
– ఒక తాతగారు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ మనసులో ఉన్నది నాకు అర్థమైంది. మా ఇంట్లోనూ పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునేవాళ్లమే. ఒకసారి లైబ్రరీలో మన తెలుగు పిల్లవాడొకడు మల్లికి చదువుతుంటే, అది ఒళ్లు విరుచుకుని కాలు చాపింది. పంజా సరిగ్గా పేజీ మీద పడింది. వాడు చదవడం ఆపి, పంజాని రెండు వేళ్లతో మెల్లగా పక్కన పెట్టి, పుస్తకం తీసి కళ్లకద్దుకున్నాడు. తర్వాత మల్లి తరఫున కూడా ఇంకోసారి అద్దాడు. మళ్లీ చదువు మొదలుపెట్టాడు. ఇంట్లో మీరు నేర్పే గౌరవం పిల్లలతోనే ఉంటుంది, కుక్క పక్కన కూర్చున్నంత మాత్రాన పోదు. పూజగదిలో పుస్తకాలు పూజగదిలోనే ఉంచండి. చదవడానికి కథల పుస్తకాలు వేరే పెట్టండి. చదివాక చేతులు కడుక్కోమనండి.

పాప మిమ్మల్ని తప్పించుకు తిరగడానికి కారణం నేను ఊహించగలను. ఇక్కడి పిల్లలకి 'ణ'కీ 'న'కీ, 'ళ'కీ 'ల'కీ తేడా పలకడం కష్టం. 'స్త్ర', 'క్ష్మ' లాంటివి వస్తే నాలుక తిరగదు. తెలుగు మాస్టారికి అవి వింటూ ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కుక్కకి ఆ బాధ లేదు. 'కళ్లు' అన్నా 'కల్లు' అన్నా అది తోక ఊపుతుంది.

నా సలహా ఇది. పాప కుక్కకి చదివేటప్పుడు మీరు అదే గదిలో, కాస్త దూరంగా, పేపరు చూస్తూ కూర్చోండి. తలెత్తొద్దు. ఎక్కడ తడబడిందో ఒక కాగితం మీద రాసుకోండి. మర్నాడు, ఆ పుస్తకం ఊసెత్తకుండా, ఆ అక్షరమొచ్చే మాటలు నాలుగు మీరే ఏదో కబుర్లలో పెట్టి చెప్పండి. 'ళ' పలకలేకపోతే మీ ఊళ్లో కోళ్లు, కళ్లెం లేని గుర్రం, తాళ్లు తెంచుకున్న దూడ, ఇలా ఏదైనా కథ కట్టండి. నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పిన మీకు ఇది నేను నేర్పనక్కర్లేదు. కొన్నాళ్లకి కుక్క నిద్రపోతే వినడానికి ఎవరూ లేరని పాపే మీ దగ్గరికి వస్తుంది. అప్పుడు మాత్రం, దయచేసి, మొదటి పేజీ దిద్దకుండా వినండి.

ప్రశ్న: మేడమ్, మా గోల్డెన్ రిట్రీవర్‌కి ఏడాదిన్నర. ఎవరొచ్చినా మీదెక్కి ముద్దులు పెడుతుంది, అంత ప్రేమ. దీన్ని థెరపీ డాగ్ చేద్దామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో జాకెట్టు, సర్టిఫికెట్టు కూడా అమ్ముతున్నారు. కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, షార్లట్, నార్త్ కరోలినా

జవాబు: సరిపోదు బాబూ. ఆ కాగితానికి ఏ విలువా లేదు, ఏ మంచి లైబ్రరీ దాన్ని ఒప్పుకోదు. ముందు సర్వీస్ డాగ్‌కీ థెరపీ డాగ్‌కీ తేడా తెలుసుకోండి. చూపులేనివారికి దారి చూపే కుక్కలాంటిది సర్వీస్ డాగ్, యజమానితో పాటు దుకాణానికైనా హోటల్‌కైనా వెళ్లే హక్కు దానికి చట్టం ఇచ్చింది. మల్లిలా ఇతరులకి ధైర్యమివ్వడానికి వెళ్లే థెరపీ డాగ్‌కి ఆ హక్కు లేదు. పిలిచిన చోటికే, అనుమతితోనే వెళ్తుంది.

మీదెక్కే ప్రేమ ఇంట్లో బాగుంటుంది, ఏడేళ్ల పిల్ల మీదెక్కితే పడిపోతుంది. ముందు శిక్షణ ఇప్పించండి. అమెరికన్ కెనెల్ క్లబ్ వాళ్ల కెనైన్ గుడ్ సిటిజన్ పరీక్ష దగ్గర మొదలుపెట్టడం మంచిది. అందులో పది అంశాలుంటాయి. కొత్త మనిషి వచ్చి పలకరిస్తే నిలకడగా ఉండాలి, గుంపులోంచి నడవాలి, ఇంకో కుక్క ఎదురైతే లాగకూడదు, మీరు కనబడకుండా పోయినా మూడు నిమిషాలు గోల చేయకుండా ఉండాలి. ఆ తర్వాత పెట్ పార్ట్‌నర్స్ లాంటి సంస్థలో నమోదు కావాలి. వాళ్ల దగ్గర పరీక్ష కుక్క ఒక్కదానికే కాదు, మీ ఇద్దరికీ కలిపి. కుక్కకి కనీసం ఏడాది నిండాలి, మీ ఇంట్లో ఆరు నెలలైనా ఉండి ఉండాలి, టీకాలు సరిగ్గా ఉండాలి, పచ్చి మాంసం పెట్టకూడదు. రెండేళ్లకోసారి మళ్లీ పరీక్ష. వెళ్లే ముందు స్నానం, గోళ్లు కత్తిరించడం తప్పనిసరి. వాలంటీరుగా వెళ్లినప్పుడు ఆ సంస్థ తరఫున ఇన్సూరెన్సు ఉంటుంది, డబ్బు తీసుకుని వెళ్తే అది వర్తించదు.

ఇవన్నీ పాసైనా కుక్కకి ఆ పని ఇష్టమో కాదో మీరే కనిపెట్టాలి. నిద్ర రాకుండానే ఆవలిస్తుంటే, మూతి నాక్కుంటుంటే, పిల్లవాడి వైపు నుంచి ముఖం తిప్పేస్తుంటే అది ఇబ్బంది పడుతోందని అర్థం. అప్పుడు లేచి వచ్చేయాలి, ఎదురుగా ఎంతమంది పిల్లలు వరసలో ఉన్నా సరే. ఇష్టం లేని కుక్కని కూర్చోబెట్టడం దానికీ అన్యాయం, పిల్లలకీ ప్రమాదం.

ప్రశ్న: అక్కయ్యా, నేను మండల పరిషత్ పాఠశాలలో టీచర్ని. మా బడి గేటు దగ్గర ఒక కుక్క ఉంది, చాలా సాధువు. మధ్యాహ్న భోజనం మిగిలితే పిల్లలు పెడతారు. నాలుగో తరగతిలో కొందరు పిల్లలు చదవడానికి బాగా సిగ్గుపడుతున్నారు. దాని దగ్గర కూర్చోబెట్టి చదివించవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: వద్దమ్మా. మీ ఆలోచన మంచిది, ఆ కుక్క మంచిదే కావచ్చు. కానీ దానికి టీకాలు ఎప్పుడు వేశారో, ఇంకో కుక్కతో ఎప్పుడు కొట్లాడిందో మీకు తెలియదు. ప్రపంచం మొత్తం మీద రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పోయేవారిలో పిల్లలు చాలా ఎక్కువ. లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అన్నం తినేటప్పుడో, నిద్రలో ఉన్నప్పుడో ముట్టుకుంటే సాధువైన కుక్క కూడా కరుస్తుందని ముందు పిల్లలకి చెప్పండి. కరిచినా, గోరు గీరినా వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కారం, పసుపు పెట్టకూడదు. టీకా అన్ని డోసులూ వేయించాలి.

శిక్షణ ఇచ్చిన కుక్కల్ని పిల్లల దగ్గరికి తీసుకెళ్లడం మన దేశంలోనూ ఉంది. చెన్నైలో బ్లూ క్రాస్ వాళ్లు డాక్టర్ డాగ్ పేరుతో చేశారు, ముంబైలో యానిమల్ ఏంజెల్స్ ఫౌండేషన్ చేస్తోంది. అది పద్ధతి ప్రకారం జరిగే పని, బడి గేటు దగ్గర కుక్కతో కుదరదు.

కానీ కుక్క లేకుండానే మీరు ఇందులో అసలు భాగం చేయవచ్చు. మీ పిల్లలకి కావలసింది దిద్దకుండా వినే మనిషి. ఒకటో తరగతి పిల్లలకి నాలుగో తరగతి పిల్లల చేత కథలు చదివించండి. చిన్నవాళ్లు తప్పు పట్టలేరు, బొమ్మ చూపిస్తే చాలు నోరు తెరుచుకుని వింటారు. పోటీ పెట్టొద్దు, జతలు మీరు ముందే కలపండి, బాగా సిగ్గుపడే పిల్లకి మరీ చిన్న పిల్లని ఇవ్వండి. ఇంకొకరున్నారు. చదువు రాని నానమ్మలు, అమ్మమ్మలు. "ఇంటికెళ్లి నానమ్మకి ఈ కథ చదివి వినిపించు, ఆవిడకి ఏది నచ్చిందో రేపు నాకు చెప్పు" అనండి. ఆవిడ అక్షరం చూడదు, కథే వింటుంది. కథ ఆగితే "ఆ, తర్వాత?" అంటుంది. అమెరికాలో ఇంత ఏర్పాటు చేసి, కుక్కకి పరీక్షలు పెట్టి మేము తెచ్చుకుంటున్న శ్రోత మీ ఊళ్లో ప్రతి అరుగు మీదా ఉంది.

పుస్తకాల విషయంలో మాత్రం పాఠ్యపుస్తకం ఇవ్వకండి, దాంతో పరీక్ష గుర్తొస్తుంది. పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద బొమ్మ ఉన్న కథల పుస్తకాలు పది ఉంటే మొదలుపెట్టవచ్చు. మీ బడి చిరునామా పత్రిక ఆఫీసుకి రాయండి, మొదటి పది నేను పంపిస్తాను.